ఎండకు బిగిసిన తోలు: డాష్‌బోర్డు మరమ్మతులో అసలు లెక్క

వాయించే ముందు డప్పును మంట దగ్గర కాచడం తెలుగు ఊళ్లలో చాలామంది చూసిన దృశ్యమే. నాలుగు గడ్డిపోచలు, చితుకులు పోగేసి నిప్పంటించి, డప్పు ముఖాన్ని సెగకు అటూ ఇటూ తిప్పుతారు. సెగ తగిలేకొద్దీ చర్మంలో తేమ ఆరి అది బిగుస్తుంది. అంతవరకు బొదబొదమన్న డప్పు కాసేపటికి ఖంగున మోగుతుంది. రాత్రికి గాలిలో చెమ్మ పీల్చుకుని మళ్లీ సడలుతుంది. కారు డాష్‌బోర్డు మీద తొడిగిన తోలుకు ఎండాకాలం పొడవునా జరిగేది ఈ కాపడమే. కాకపోతే డప్పును అవసరమైన పూట మాత్రమే కాస్తారు. డాష్‌బోర్డును సూర్యుడు రోజూ, గంటల తరబడి, మూసి ఉన్న అద్దాల వెనక కాస్తాడు. ఏళ్ల తరబడి అలా కాగిన తోలు ఇక సడలడం మానేస్తుంది.

తోలు డాష్‌బోర్డు కొన్నేళ్లు ఎండలో నిలిచాక చూపించే లక్షణాలు దాదాపు ఎక్కడైనా ఒకటే. ముందు అద్దం పక్క అంచున తోలు నొక్కులోంచి బయటికి జారి, కింద పసుపు రంగు ఫోమ్ కనబడుతుంది. ఏసీ గాలి వచ్చే జాలీల చుట్టూ సందు పడుతుంది. మీటర్ల మీద గొడుగులా వంగి ఉండే భాగంలో తోలు వంపును వదిలి వంతెనలా పైకి తేలుతుంది. వేలితో నొక్కితే కింద బోలుగా తగులుతుంది. ఎండ ఎక్కువగా ఉండే చోట్ల పాత పోర్షే 911లు, మాసెరాటీలు వాడేవాళ్లకు ఇది బాగా తెలిసిన బాధ. ఇక్కడా సెకండ్ హ్యాండ్‌లో ఖరీదైన కార్లు కొనేవాళ్లు పెరిగారు. కారు లోపల వాళ్ల కళ్లకు మొదట కనబడే లోపం తరచూ ఇదే.

దీన్ని చూడగానే ఎక్కువమందికి వచ్చే ఆలోచన ‘తోలు ఎండిపోయింది, కాస్త నూనె పట్టిస్తే సరి’ అని. దుకాణాల్లో దొరికే సీసాలు కూడా ఆ మాటే చెబుతాయి. కానీ డాష్‌బోర్డు విషయంలో ఈ రోగనిర్ణయమే తప్పు. అక్కడ తోలు పొడిబారడం చిన్న సంగతి, కొలత తగ్గడం అసలు సంగతి. 140 సెంటీమీటర్ల వెడల్పున్న డాష్‌బోర్డు మీద తోలు నూటికి 2 వంతులు కుంచించుకుంటే దాదాపు 3 సెంటీమీటర్లు మాయమైనట్టే. ఎంత నూనె పూసినా ఆ 3 సెంటీమీటర్లు తిరిగి రావు. మరమ్మతు గురించి ఏ నిర్ణయం తీసుకున్నా ఈ లెక్క నుంచే మొదలుపెట్టాలి.

ముందు అది తోలేనా?

మన వాడుకలో సీటు మీద మెరిసేదంతా ‘లెదర్’, కాస్త చవగ్గా కనబడితే ‘రెగ్జిన్’. ఈ రెండో మాట వెనక చిన్న చరిత్ర ఉంది. రెక్సిన్ అన్నది బ్రిటన్‌లో మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊళ్లో తయారైన ఒక కృత్రిమ తోలు పేరు. గుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసి తోలులా అచ్చు వేసేవారు. ఆ సరుకు ఎప్పుడో పోయింది. పేరు మాత్రం మన సీటు కుట్టే దుకాణాల్లో స్థిరపడిపోయి, ఇవాళ్టి పీవీసీ, పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ తొడుగులకు కూడా అతుక్కుంది.

డాష్‌బోర్డుల్లో నిజమైన తోలు అరుదు. అత్యధిక కార్లలో ఉన్నది గట్టి ప్లాస్టిక్. కాస్త పై తరగతి కార్లలో ఫోమ్ మీద పీవీసీ తొడుగు ఉంటుంది. ఆ పైన కూడా చాలా చోట్ల దారపు కుట్టు నిజమైనదే కానీ తోలు కాదు. మెర్సిడెస్ ‘ఆర్టికో’ అనేది, బీఎండబ్ల్యూ ‘సెన్సాటెక్’ అనేది కృత్రిమ తోళ్లే. కొన్ని కార్లలో కుట్టు కూడా నిజం కాదు, తొడుగు అచ్చు వేసేటప్పుడే కుట్టు గీతలు దిద్దుతారు.

ఈ తేడా పట్టుకోకుండా పనిలోకి దిగితే డబ్బు వృథా. లేచిన అంచును కాస్త ఎత్తి వెనకవైపు చూడడం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. తోలైతే వెనక నూగుగా, పీచుపీచుగా ఉంటుంది. కృత్రిమమైతే అల్లిన గుడ్డో, నున్నటి నురగ పొరో కనబడుతుంది. వాసన చూసి చెప్పడం కష్టం, ఎందుకంటే తోలు వాసన కూడా సీసాల్లో దొరుకుతోంది. నిప్పు అంటించి చూసే పరీక్ష కారులో చేయవలసిన పని కాదు.

పీవీసీ చెడిపోయే తీరు వేరు. పీవీసీ స్వతహాగా గట్టి పదార్థం, దాన్ని మెత్తబరచడానికి నూనెలాంటి రసాయనాలు కలుపుతారు. వేడికి అవి మెల్లగా ఆవిరై బయటికొస్తాయి. కొత్త కారులో ముందు అద్దం లోపలివైపు వేలితో రాస్తే జిడ్డుగా తగిలే పలచటి పొరలో పెద్ద భాగం ఇదే. ఆ మెత్తదనం పోయిన పీవీసీ పెళుసెక్కి పగులుతుంది. పగుళ్లు ఎక్కువగా స్పీకరు జాలీల మూలల నుంచి, ఏసీ రంధ్రాల మూలల నుంచి మొదలవుతాయి. తోలు కుంచించుకుని అంచు వదులుతుంది, పీవీసీ నడిమధ్య పగులుతుంది. దూరం నుంచి చూసినా చాలావరకు ఈ గుర్తుతో పోల్చుకోవచ్చు.

ఎండ ఎంత వేడి పుట్టిస్తుంది

అమెరికాలో అరిజోనా రాష్ట్రం టెంపీలో పరిశోధకులు ఎండలోనూ నీడలోనూ కార్లు నిలిపి కొలిచిన లెక్కలు 2018లో అచ్చయ్యాయి. బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో, ఎండలో గంటసేపు నిలిపిన కార్ల లోపల గాలి సగటున 47 డిగ్రీలకు చేరింది. స్టీరింగ్ 53, సీట్లు 51. డాష్‌బోర్డు మాత్రం 69. నీడలో నిలిపిన కార్లలో డాష్‌బోర్డు 48 డిగ్రీల దగ్గర ఆగింది.

ఈ అంకెల్లో రెండు సంగతులు గమనించాలి. ఒకే కారులో, ఒకే గంటలో, సీటు తోలుకూ డాష్‌బోర్డు తోలుకూ 18 డిగ్రీల తేడా ఉంది. అందుకే పదేళ్ల కారులో సీట్లు చక్కగా ఉండి డాష్‌బోర్డు మాత్రం లేచిపోవడం వింతేమీ కాదు. రెండోది, అరిజోనా ఎండ మనకు కొత్త కాదు. పల్నాడులో రెంటచింతల, గోదావరి ఒడ్డున రామగుండం వేసవిలో 45 డిగ్రీలు దాటడం ఏటా వార్తల్లో చదివేదే. అక్కడ మిట్టమధ్యాహ్నం కార్యాలయం ముందు నిలిపిన నల్ల డాష్‌బోర్డు 69 దగ్గర ఆగుతుందని అనుకోవడానికి లేదు.

అతినీలలోహిత (యూవీ) కిరణాల మాట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే వాటి పేరు చెప్పి అమ్మే సీసాలు చాలా ఉన్నాయి. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. ఆ పొర అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగాన్ని అక్కడే ఆపేస్తుంది. పక్క అద్దాలకు సాధారణంగా ఆ పొర ఉండదు. అందుకని డాష్‌బోర్డు పైభాగానికి అసలు శత్రువు వేడి. ‘యూవీ రక్షణ’ అని రాసి ఉన్న ద్రవం కన్నా, అద్దం వెనక నిలబెట్టే వెండి రంగు మడత అట్ట ఎన్నో రెట్లు మేలు. దాని ఖరీదు కూడా ఆ సీసా ఖరీదు కన్నా తక్కువే ఉంటుంది. అద్దాలకు నల్ల ఫిల్మ్ వేసుకుందామంటే చట్టం ఉంది. ముందు అద్దం గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు రావాలి.

లంద దగ్గరే మొదలయ్యే తేడా

పచ్చి చర్మంలో ఉండేది ప్రధానంగా కొల్లాజెన్ అనే మాంసకృత్తి. మూడు పోగులు పేనిన తాడులా ఉంటుంది దాని నిర్మాణం. నీళ్లలో నానిన పచ్చి చర్మాన్ని వేడి చేస్తే 60 డిగ్రీలు దాటగానే ఆ పురి విడిపోయి చర్మం ముడుచుకుపోతుంది. చర్మశుద్ధి అంటే ఆ పోగుల మధ్య కొత్త ముడులు వేయడమే. మన ఊళ్లలో లందల్లో, అంటే తోలు శుద్ధి చేసే తొట్లలో, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వేసి తోళ్లు నానబెట్టిన పద్ధతి అదే. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు. ఆ పసుపు పూల కింద ఉన్న బెరడే దక్షిణాది తోళ్లకు ఒకప్పుడు ప్రపంచంలో పేరు తెచ్చింది. చెక్కతో శుద్ధి చేసిన తోలు తడిలో 75–85 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. 19వ శతాబ్దం చివర వచ్చిన క్రోమియం పద్ధతిలో చేసిన తోలు మరుగుతున్న నీటిని కూడా తట్టుకోగలదు.

ఈ విద్యను పల్లె లందల నుంచి ప్రయోగశాల దాకా తీసుకెళ్లినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు తెలుగువాడిదే. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ, చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు సారథ్యం వహించి, అంతవరకు అంటరాని పనిగా చూసిన చర్మశుద్ధిని శాస్త్రంగా నిలబెట్టాడు. 1985లో ఎయిరిండియా కనిష్క విమానం బాంబు పేలి కూలినప్పుడు ఆయన మరణించాడు.

అయితే డాష్‌బోర్డు దగ్గర ఒక చిక్కు ఉంది. తడి వేడిలో గెలిచిన క్రోమ్ తోలు, ఏళ్ల తరబడి పొడి వేడిలో ఉంచితే విస్తీర్ణం కోల్పోతుంది. గ్లుటరాల్డిహైడ్‌తో శుద్ధి చేసే క్రోమ్ రహిత తోలు తడిలో అంత గట్టిది కాకపోయినా, పొడి వేడిలో తక్కువ కుంచించుకుంటుంది. కార్ల పరిశ్రమ, ముఖ్యంగా జర్మన్ కంపెనీలు, డాష్‌బోర్డులకు ఈ రకాన్ని ఇష్టపడడానికి ఇది ఒక పెద్ద కారణం. కంపెనీలు తోలు ముక్కను 100 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో ఉంచి ఎంత తగ్గిందో కొలిచి మరీ ఎంచుకుంటాయి.

ఇక్కడే మన మరమ్మతు దుకాణాల బలహీనత బయటపడుతుంది. బజారులో అడుగుల లెక్కన దొరికే తోలు ఎక్కువగా సోఫాలకు, బూట్లకు, సంచులకు ఉద్దేశించినది. చేతికి మెత్తగా, చూపుకు అందంగా ఉంటుంది. అది 70 డిగ్రీల్లో ఎలా ప్రవర్తిస్తుందో అమ్మేవాడికీ తెలియదు, కుట్టేవాడికీ తెలియదు. సీటుకు అది సరిపోవచ్చు. డాష్‌బోర్డుకు అదే తోలు వేస్తే మూడో వేసవికల్లా కథ మొదటికొస్తుంది.

ఏ పొర చెడింది

డాష్‌బోర్డు మీద చెయ్యి వేస్తే తగిలేది నిజానికి తోలు కాదు. తోలు మీద రంగు, ఆ రంగు మీద పారదర్శకమైన పాలీయురేథేన్ పూత ఉంటాయి. మన వేలు తగిలేది ఆ పూతకే. పూత కింద తోలు, దాని కింద జిగురు, ఆ కింద ఫోమ్, అన్నిటికీ అడుగున గట్టి చట్రం. చెడేటప్పుడు ఏదో ఒక పొర ముందు చెడుతుంది. అది ఏదో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

ఇందాక చెప్పిన నూనె పూత ఎందుకు పనిచేయదో కూడా ఇక్కడ అర్థమవుతుంది. పైనున్న పూత నూనెను లోపలికి పోనివ్వదు. పూసింది పైనే నిలిచి, దుమ్ము పట్టి, ఎండలో మెరిసి, ఆ మెరుపు అద్దంలో ప్రతిబింబించి బండి నడిపేవాడి కళ్లలో పడుతుంది. పైగా సిలికాన్ ఉన్న పాలిష్‌లు మరో అపకారం చేస్తాయి. ఎప్పుడైనా ఆ తోలుకు రంగు వేయవలసి వస్తే, రంగు పట్టకుండా చేపకళ్లలా గుంటలు పడేలా చేస్తాయి. టైరు పాలిష్‌నే డాష్‌బోర్డుకూ పూసే అలవాటు కార్లు కడిగేచోట చాలా ఉంది. అది మానుకోవడం మంచిది.

పూత మాత్రమే అరిగితే, అంటే రంగు వెలిసి, గీతలు పడి, తోలు మాత్రం తన కొలతలో తాను ఉంటే, విప్పే పని లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచి, 800 నంబరు ఉప్పుకాగితంతో పైపైన రుద్ది, సన్నటి పగుళ్లలో సాగే గుణమున్న తోలు లప్పం పలచగా పెట్టి, ఆరాక మళ్లీ రుద్ది, నీటితో కలిసే తోలు రంగును పలచటి పొరలుగా నాలుగైదు సార్లు కొట్టి, చివర మెరుపు లేని పైపూత వేస్తారు. బాడీ షాపుల్లో ఇనుముకు వాడే గట్టి లప్పం ఇక్కడ పనికిరాదు. తోలు వేడికి కదులుతుంది, ఆ లప్పం కదలదు. రేకులు రేకులుగా లేచిపోతుంది.

తీరప్రాంతంలో మరో రకం పాడు కనబడుతుంది. విశాఖ, కాకినాడ వంటి ఊళ్లలో చెమ్మకు కొన్ని రకాల పాలీయురేథేన్ పూతలు విచ్ఛిన్నమై జిగటగా తయారవుతాయి. చెయ్యి పెడితే అతుక్కుంటుంది. దాని మీద రంగు వేసి లాభం లేదు. జిగట పొరను పూర్తిగా తీసేసి మొదలుపెట్టాలి.

జిగురు మాత్రమే విడిచి తోలు కొలత తగ్గని పక్షంలో, అంటే నొక్కితే అంచు హాయిగా తన చోటికి చేరుతుంటే, పాత జిగురు గీకి కొత్తది పెడితే చాలు. అంచు చోటికి రావడానికి రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువైతే, తడిపి పిండిన గుడ్డ కొన్ని గంటలు కప్పి ఉంచి తోలు మెత్తబడ్డాక లాగి అతికించవచ్చు. అంతకు మించి తక్కువైతే లాగకూడదు. లాగి అతికించిన తోలు మళ్లీ అక్కడే తెగుతుంది, లేదా మరోచోట లేస్తుంది. అలాంటప్పుడు ఖర్చు పెట్టలేనివాళ్లకు ఒక నిజాయతీ గల మార్గం ఉంది. అద్దం అంచు వెంబడి అదే రంగు తోలు చుట్టిన సన్నటి బీడింగ్ కుట్టి సందును కప్పడం. చూసేవాళ్లకు అది మొదటి నుంచీ ఉన్న అలంకారంలానే ఉంటుంది. సందు కప్పడం తప్పేమీ కాదు. సందులో సిలికాన్ నింపి ‘రిపేరు’ అని చెప్పడం తప్పు.

విప్పి తొడగడం

తోలు నిజంగా కుంచించుకుంటే పాతది తీసి కొత్తది తొడగడం ఒక్కటే దారి. ఇందులో తోలు ఖరీదు కన్నా చేతిపని ఖరీదు ఎక్కువ, ఆ చేతిపనిలోనూ కుట్టడం కన్నా విప్పడం ఎక్కువ. బ్యాటరీ తీగ తీసి, కొన్ని నిమిషాలు ఆగి, స్టీరింగ్, మీటర్లు, ఏసీ జాలీలు, తెర, సెన్సర్లు ఒక్కొక్కటే విప్పి, ప్రతి తీగకూ గుర్తు పెట్టుకుని డాష్‌బోర్డును బయటికి తీయాలి. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ క్లిప్పులు ఈ దశలో విరుగుతాయి. విరిగిన క్లిప్పులకు బదులు కొత్తవి తెప్పించకుండా టేపుతో సర్దేస్తే, తర్వాత గతుకుల్లో వినిపించే కిటకిట శబ్దాన్ని జీవితాంతం భరించాలి. తోలు ఎంత అందంగా కుట్టినా ఆ శబ్దం ముందు అది మరిచిపోతారు.

పాత తోలును జాగ్రత్తగా ఒలిచి, కుట్లు విప్పి, ముక్కలు పరిచి, వాటినే నమూనాలుగా పెట్టి కొత్త తోలు కోయడం సీట్ల పనిలో అలవాటైన పద్ధతి. డాష్‌బోర్డులో ఇదే పెద్ద పొరపాటు. పాత ముక్క కుంచించుకున్న ముక్క. దాని కొలతతో కోస్తే కొత్త తోలు పుట్టుకతోనే 3 సెంటీమీటర్లు తక్కువ. అప్పుడు కుట్టేవాడు బలంగా లాగి సరిపెడతాడు. మొదటి రోజు అద్దంలా కనబడుతుంది. నమూనా తీసుకోవలసింది ఫోమ్ మీద నుంచి. తోలు తీసేశాక ఫోమ్ మీద పలచటి ప్లాస్టిక్ పొర చుట్టి, దాని మీద కాగితపు టేపు అతికించి, కుట్టు ఎక్కడ వస్తుందో పెన్నుతో గీసి, కోసి, బల్ల మీద పరచి, కుట్టుకు 10–12 మిల్లీమీటర్లు కలుపుకుని నమూనా చేయాలి. కుట్టు వెళ్లే దారి మాత్రం పాత తోలు మీద చూసుకోవచ్చు.

అద్దం వైపు అంచుకు ఇంకా ఎక్కువ వదలాలి. లోపలికి మడిచే భాగం 3–4 సెంటీమీటర్లు ఉంటే, రేపు తోలు కాస్త తగ్గినా అంచు బయటపడదు. తోలు మిగులుతుందని ఇక్కడ పొదుపు చేయకూడదు.

తోలు ఎక్కడి నుంచి కోస్తారన్నది కూడా ముఖ్యమే. వెన్ను పక్క తోలు దట్టంగా, తక్కువగా సాగుతూ ఉంటుంది. పొట్ట పక్కది వదులుగా ఉండి ఇష్టమొచ్చినట్టు సాగుతుంది. డాష్‌బోర్డు పైభాగానికి వెన్ను పక్క తోలే కావాలి, పొడవు వెన్నెముక దిశలో రావాలి. చెప్పులు కుట్టేవాళ్లకు ఈ విషయం ఎవరూ చెప్పక్కర్లేదు. అడుగుకు ఏ తోలు, పట్టీకి ఏ తోలు అన్నది తరాల నుంచి వాళ్ల చేతివేళ్లకు తెలుసు. రంపెతో అంచును పల్చగా చెక్కడం, ఆరెతో రంధ్రం చేసి రెండు సూదులతో కుట్టడం, వంపు దగ్గర లోపలివైపు గాట్లు పెట్టి ముడత రాకుండా తిప్పడం, ఇవన్నీ మాదిగ వాడల్లో పుట్టి పెరిగిన పనితనాలు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ చెయ్యి తిరిగిన పనివాడు దొరికితే, మెరిసే బోర్డు పెట్టుకున్న కార్ డెకార్ దుకాణం కన్నా అతని దగ్గరికి వెళ్లడమే సరైన పని.

దారం పాలియెస్టర్‌ది కావాలి, నైలాన్ ఎండకు త్వరగా బలహీనపడుతుంది. జిగురు సంగతి మరీ ముఖ్యం. సీటు కుట్టే చోట డబ్బాలో కనబడే మామూలు సొల్యూషన్ 70 డిగ్రీల దగ్గర మెత్తబడి పట్టు విడుస్తుంది. గట్టిపరిచే ద్రావణం విడిగా కలుపుకునే, వేడికి ఓర్చే జిగురు వాడాలి. రెండు ముఖాలకూ పూసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, అప్పుడు కలిపి నొక్కాలి. తొందరపడి తడి మీద అతికిస్తే లోపల ద్రావకం చిక్కుకుని, ఎండలో ఆవిరై, తోలు కింద బుడగలు లేపుతుంది. ఈ ద్రావకాల ఆవిరి పీల్చేవాడికి మంచిది కాదు. తలుపులు మూసిన గదిలో ఈ పని చేయించే దుకాణదారు తన పనివాళ్ల ఊపిరితిత్తులను ఖర్చు పెడుతున్నాడు.

తొడిగేటప్పుడు ఎంత బిగించాలి? ముడత పడకుండా ఫోమ్ మీద ఒదిగితే చాలు. చాలామంది పనివాళ్లు, చాలామంది యజమానులు కూడా, డప్పులా బిగిస్తేనే పనితనం అనుకుంటారు. లోపలికి వంగిన చోట్ల లాగి కట్టిన తోలు ప్రతి ఎండకూ పైకి లేవడానికి చూస్తుంది. వంపు లోతుగా ఉన్నచోట ఒకే ముక్కను సాగదీయడం కన్నా ఒక కుట్టు ఎక్కువ వేసి రెండు ముక్కలు చేయడం మేలు.

ముట్టుకోకూడని చోటు

ఇంతవరకు చెప్పిందంతా అందానికి సంబంధించినది. ముందు సీట్లో కూర్చునే మనిషి ఎదురుగా ఉన్న ఒక జానెడు చోటు మాత్రం ప్రాణానికి సంబంధించినది. మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లకు, ఆ ఏడాది చివరికల్లా పాత మోడళ్లకు కూడా ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. ఖరీదైన కార్లలో అంతకు ఎంతో ముందు నుంచే ఉంది. అది డాష్‌బోర్డు లోపల ముడిచి ఉంటుంది. గుద్దుకున్నప్పుడు సెకనులో 20వ వంతు కూడా పట్టకుండా డాష్‌బోర్డును చీల్చుకుని విచ్చుకుంటుంది.

చీల్చుకోవడం అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. పాత కార్లలో ఎయిర్‌బ్యాగ్‌కు విడిగా కనబడే మూత ఉండేది. తర్వాతి కార్లలో గీత కూడా కనబడకుండా మొత్తం ఒకే తొడుగు వేశారు. అలా వేసినప్పుడు ఆ చోట తోలు వెనకవైపు ఒక గీత వెంబడి లెక్క ప్రకారం పలచగా కోస్తారు, లేదా అక్కడ మాత్రం తెగిపోవడానికే ఎంచుకున్న బలహీనమైన దారంతో కుడతారు. ఎంత లోతు కోయాలో కంపెనీ ఎండలో, చలిలో, పాతబడిన తోలు మీద ఎయిర్‌బ్యాగులు పేల్చి చూసి తేల్చుకుంటుంది. దాని మీద ఇంకో మిల్లీమీటరు మందం తోలు గట్టి దారంతో కుట్టి, గట్టి జిగురుతో అతికిస్తే ఆ లెక్క తప్పుతుంది. బ్యాగ్ ఆలస్యంగా తెరుచుకోవచ్చు, పక్కకు తెరుచుకోవచ్చు, తెగిన ముక్కలను మొహం మీదికి విసరవచ్చు. దుకాణంలో దీన్ని పరీక్షించి చూసే మార్గమే లేదు.

కాబట్టి ‘మేం బ్లేడుతో వెనక గీత పెడతాం సార్, ఏం కాదు’ అనే మాటకు విలువ లేదు. విడి మూత ఉన్న కారైతే ఆ మూతను ఉన్నదున్నట్టు వదిలేసి, మిగతా భాగానికి దాని రంగు కలిసేలా తోలు ఎంచుకోవాలి. ఒకే తొడుగైన కారులో ఎయిర్‌బ్యాగ్ పైభాగం కూడా లేచిపోతే, కంపెనీ నుంచి కొత్త డాష్‌బోర్డు తెప్పించడమో, అదే మోడల్ కారు నుంచి బాగున్నది వెతికి పెట్టించడమో సరైన దారి. ఖర్చు బాధగానే ఉంటుంది. అయినా ఇక్కడ బేరానికి తావు లేదు.

మన కార్లలో ఆ చోటనే వినాయకుడి విగ్రహం, వెంకటేశ్వరస్వామి పటం రెండు వైపులా అంటుకునే టేపుతో నిలబెడతాం. బ్యాగ్ విచ్చుకుంటే ఆ విగ్రహం ఎదుటి మనిషి మీదికి దూసుకొస్తుంది. టేపు జిగురు కూడా వేడికి తోలు పూతలోకి దిగి, తీసేటప్పుడు రంగును ఊడబెరుకుతుంది. దేవుణ్ణి రెండు సీట్ల మధ్య గట్టులాంటి చోట పెట్టుకోవచ్చు. భక్తికి లోటు రాదు, తోలుకూ నష్టం ఉండదు.

పని ఎప్పుడు చేయించాలన్న ప్రశ్న ఎవరూ అడగరు కానీ అడగవలసినదే. తోలు బరువులో సాధారణంగా నూటికి 12–14 వంతులు తేమే. జులై, ఆగస్టుల్లో ముసురు పట్టిన రోజుల్లో అది ఇంకా పెరిగి తోలు మెత్తగా, పెద్దగా ఉంటుంది. అప్పుడు కొలిచి తొడిగితే మొదటి ఏప్రిల్‌కే బిగుస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గాలి పొడిగా ఉన్నప్పుడు తొడిగిన తోలుకు తగ్గడానికి తక్కువ మిగులుతుంది. తోలును అంతకు ముందటి ఎండాకాలంలోనే ఎంచుకోగలిగితే మరీ మంచిది. నచ్చిన తోలులోంచి 20 సెంటీమీటర్ల చదరపు ముక్క అడిగి తెచ్చుకుని, నాలుగు అంచులూ కొలిచి రాసుకుని, మే నెలలో పదిహేను రోజులు ఎండలో నిలిపే కారు డాష్‌బోర్డు మీద వదిలేయాలి. తర్వాత దాన్ని రెండు రోజులు ఇంట్లో నీడన ఉంచి మళ్లీ కొలవాలి. ఒక్కో అంచు 2 మిల్లీమీటర్లు తగ్గితే, 140 సెంటీమీటర్ల డాష్‌బోర్డు మీద అది ఒకటిన్నర సెంటీమీటర్లకు దగ్గర. ఆ తోలును సీట్లకు వాడుకుని, డాష్‌బోర్డుకు మరో తోలు వెతకాలి.